ఇనుము వెతికే చోటికి ఇనుము మోసుకెళ్లొద్దు: విశాఖ బజారులో కొలిమి తవ్వకపు సరంజామా

విశాఖలో తవ్వకం అనగానే గుర్తొచ్చేవి బావికొండ, తొట్లకొండ. రాష్ట్ర పురావస్తు శాఖ బావికొండను 1982–87 మధ్య, తొట్లకొండను 1988–93 మధ్య తవ్వింది. అక్కడ బయటపడినవి స్తూపాలు, విహారాలు, మెట్లు. అంతా ఇటుక, రాయి. పార పొరపాటున రెండంగుళాలు ఎక్కువ దిగినా గోడ గోడగానే మిగులుతుంది. పాతకాలపు కమ్మరి ఆవరణ సంగతి వేరు. ఆరు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు, చుట్టూ మోకాలెత్తు రాతివరస, మధ్యలో కొలిమి గుంట, పక్కన దాకలి (ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ) దిగేసిన గుంట, ఓ మూల చిట్టెం (కొలిమిలో కరిగి గడ్డకట్టిన మష్టు) కుప్ప. చూడ్డానికి ఇంతే. చెప్పవలసిన కథంతా నేలమీద రెండు మూడు సెంటీమీటర్ల మందాన నల్లగా అట్టగట్టిన పొరలో ఉంటుంది. తెలియని కూలీ చేతిలో చలగపార పెడితే పది నిమిషాల్లో ఆ పొర మట్టికుప్ప మీదికి పోతుంది.

ఆ పొరలో దొరికేది పొలుసు. ఎర్రగా కాలిన ఇనుము మీద గాలి తగిలి ఏర్పడిన నల్లటి పెచ్చు సమ్మెట దెబ్బకు రాలుతుంది. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, మందం చూస్తే చేప పొలుసే. రెండు ముక్కలను అతికేటప్పుడు చిమ్మిన కరుగు గాల్లోనే గుండ్రమై పూసల్లా రాలుతుంది. వాటిలో చాలావరకు బోలు పూసలే. ఇదంతా దాకలి చుట్టూ మీటరు, మీటరున్నర లోపే ఎక్కువగా పడుతుంది. ఏ చదరంలో ఎంత పొలుసుందో తూచి పటం గీస్తే దాకలి ఎక్కడుండేదో, కమ్మరి ఏ వైపు నిలబడ్డాడో తెలిసిపోతుంది. దాకలి రాయిని ఎవరో ఎప్పుడో ఇంటి గడపకు ఎత్తుకుపోయినా సరే. కాకపోతే ఈ లెక్క గ్రాముల్లో, ఒక్కోసారి గ్రాములో పదో వంతులో తేలుతుంది. అంత సన్నటి లెక్కలో మన తాపీ నుంచి ఊడిన తుప్పు పెచ్చు కలిసినా, పక్క షాపు వెల్డింగు రవ్వ కలిసినా పటం మొత్తం తప్పిపోతుంది. అందుకే ఇక్కడ ప్రతి వస్తువునూ ముందుగా ఒక్క ప్రశ్నతోనే చూశాం: ఇది తవ్వకపు గుంటలోకి కొత్త ఇనుమును తెస్తుందా? ధర, మన్నిక ఆ తర్వాత.

ఇది అనుమతి ఉన్న బృందాలకు, వాళ్ల వెంట పనిచేసే విద్యార్థులకు రాసినది. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ అనుమతి లేకుండా పురావస్తు తవ్వకం లేదు. 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపలైతే కొత్త నిర్మాణానికే అనుమతి లేదు, ఇక సరదా తవ్వకం మాట ఎందుకు. గుప్తనిధుల ఆశతో మెటల్ డిటెక్టరు బేరమాడేవాళ్లకు ఇక్కడ పనికొచ్చేది ఏమీ లేదు. చిట్టెం కుప్ప మీద ఆ యంత్రం ఎక్కడ పెట్టినా కూస్తూనే ఉంటుంది.

మట్టిలోంచి పొలుసును ఏరే అయస్కాంతంతో మొదలుపెడదాం. ఎక్కువమంది తప్పుగా కొనేది దాన్నే.

ఆన్‌లైన్లో వచ్చే నియోడిమియం బిళ్ల చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. చిటికెన వేలంత ముక్క కిలోల బరువు ఎత్తుతుంది. ఎంత బలమైతే అంత మేలన్న లెక్క మాత్రం విశాఖ మట్టిలో చెల్లదు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్య గెడ్డల్లో (చిన్న వాగుల్లో) చూడండి, వాననీరు నెమ్మదించిన చోటల్లా నల్లటి ఇసుక చారలు కట్టి ఉంటుంది. బీచ్‌లో అల వెనక్కి పోయాక కనబడే నల్లగీతలూ అవే. అందులో మాగ్నటైట్, ఇల్మనైట్, గార్నెట్ అనే ఖనిజాలు ఉంటాయి. నియోడిమియం మాగ్నటైట్‌ను దూరం నుంచే లాగుతుంది, దగ్గరికి తెస్తే ఇల్మనైట్‌ను ఎత్తుతుంది, ఆనిస్తే గార్నెట్ రేణువులూ అంటుకుంటాయి. మన నమూనాలో పొలుసు చెంచాడు ఉంటే ఈ ఇసుక గుప్పెడు వస్తుంది. ఆ గుప్పెడునే తూచి 'పొలుసు' అని రాసుకుంటే ఊళ్లో ప్రతి గెడ్డా కమ్మరి కొలిమే.

పాత స్పీకరు వెనక ఉండే నల్లటి ఫెర్రైట్ రింగు ఈ పనికి ఎంతో నయం. పాత సామాను కొట్లలో దాదాపు ఊరికే దొరుకుతుంది. బలం తక్కువ కాబట్టి అర సెంటీమీటరు ఎత్తులో ఆడిస్తే పొలుసు, మాగ్నటైట్ మాత్రమే లేస్తాయి. ఇల్మనైట్, గార్నెట్ కాగితం మీదే ఉండిపోతాయి. మిగిలిన మాగ్నటైట్ ఇసుకను జల్లెడ వేరుచేస్తుంది, ఆ సంగతి కింద చెప్తాం. రింగుకు ఐదుకు నాలుగున్నర. ఆ అర మార్కు తగ్గించింది పెళుసుదనానికి. కింద పడితే అంచు చిట్లుతుంది, ఆ నల్లటి ముక్క కూడా అయస్కాంతమే, పొలుసులో కలిస్తే కంటికి ఆనదు. కొన్నవెంటనే అంచుల చుట్టూ ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేయాలి. నియోడిమియానికి రెండు మార్కులు. నికెల్ పూత గీసుకుపోతే సముద్రపు గాలికి కొద్దివారాల్లోనే లోపలంతా తుప్పు పొడవుతుంది. పూర్తిగా పారేయనక్కర్లేదు. ఫెర్రైటు వదిలేసిన మట్టిలో తుప్పు పట్టి బలం తగ్గిన పొలుసు మిగిలిందేమో చూసే చివరి తనిఖీకి ఉంచుకోవచ్చు.

వాడే తీరు చెప్పుకోవాలి, మంచి అయస్కాంతాన్ని కూడా తప్పుగా వాడి చెడ్డపేరు తెస్తారు. నేల మీద పాతిక సెంటీమీటర్ల గళ్లు కట్టి ప్రతి గడి నుంచి ఒకే కొలత మట్టి తీయాలి, 200 మిల్లీలీటర్లు చాలు. కొలతకు ప్లాస్టిక్ గ్లాసు ఒకటే వాడాలి, నొక్కి నింపకూడదు. నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి మట్టిలో పొలుసు బంకమట్టి ఉండలో దాగి అయస్కాంతానికి అందదు, ఫలితాలు చెడిపోవడానికి మొదటి కారణం ఇదే. ఆరాక ఉండలను చేత్తో నలపాలి, రోకలితో కాదు. రోకలి దెబ్బకు బోలు పూసలు పగిలిపోతాయి. మట్టిని తెల్లకాగితం మీద పలుచగా పరిచి, అయస్కాంతాన్ని జిప్ కవర్లో పెట్టి, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి తిప్పాలి. ఇంకో కాగితం మీదికి తెచ్చి కవర్లోంచి అయస్కాంతాన్ని పైకి లాగితే అంటుకున్నదంతా రాలిపోతుంది. కవరు లేకుండా వాడితే పొలుసును గోటితో గీకుతూ కూర్చోవాలి, సగం అయస్కాంతం మీదే ఉండి తర్వాతి గడి లెక్కలో కలుస్తుంది. కవరును ప్రతి నమూనాకూ మార్చాలి.

ఆవరణకు పాతిక ముప్పై మీటర్ల అవతల, అదే రకం మట్టిలో కనీసం ఐదు చోట్ల పోలిక నమూనాలు తీయడం మరిచిపోతే ఈ శ్రమంతా వృథా. ఆ ఐదింటిలో వచ్చే అయస్కాంతపు ఇసుకే మన ఊరి సహజ మట్టం. దానిపైన ఎంతుందన్నదే కొలిమి లెక్క.

నల్ల ఇసుకను వేరుచేశాక పారేయకండి. దక్షిణ భారతంలో చాలాచోట్ల మాగ్నటైట్ ఇసుకనే కడిగి ముడిఖనిజంగా కొలిమిలో పోసేవారు. ఆవరణలో ఒకే మూల అది కుప్పగా వస్తే, పోలిక నమూనాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తూగితే, అది చెత్త కాదు, సరుకు. అక్కడ ఇనుము సాగగొట్టడమే కాదు, కరిగించి తీయడం కూడా జరిగి ఉండవచ్చు.

జల్లెడల విషయంలో బజారు మనకు అనుకూలంగానే ఉంది. ఇళ్ల నిర్మాణానికి వాడే ఇసుక జల్లెడ పెద్ద చిట్టెం ముక్కలకు సరిపోతుంది, అంతకు మించి వద్దు. ఆ గాల్వనైజ్డ్ జాలీ రెండు వారాల్లో పూత ఊడి తుప్పు రాలుస్తుంది. అసలు కొనవలసింది సివిల్ ఇంజినీరింగ్ ల్యాబులకు సామాను అమ్మే చోట దొరికే పరీక్ష జల్లెడలు: ఇత్తడి చట్రం, 200 మిల్లీమీటర్ల వ్యాసం, ఒకదానిమీద ఒకటి కూర్చునేవి. మొత్తం సెట్టు అనవసరం. 4.75 మిల్లీమీటర్లు, 2.36 మిల్లీమీటర్లు, 600 మైక్రాన్లు (0.6 మిల్లీమీటరు), అడుగున పళ్లెం, అంతే. అయస్కాంతానికి అంటుకున్నదాన్ని 600 మైక్రాన్ల జల్లెడలో పోసి నెమ్మదిగా కదిపితే మన తీరపు నల్ల ఇసుకలో ఎక్కువ భాగం కిందికి జారుతుంది, ఎందుకంటే ఆ రేణువులు చాలావరకు అర మిల్లీమీటరు లోపువే. పైన మిగిలేది పొలుసు. దబదబ కొడితే పలుచని పొలుసులు నిలువుగా తిరిగి కన్నాల్లోంచి జారిపోతాయి, ముప్పై సెకన్లు వృత్తాకారంగా కదిపితే చాలు. వంటింటి స్టీలు పిండిజల్లెడతో సరిపెట్టుకుందామంటే దాని కన్ను ఎంతో ఎవరికీ తెలియదు, ఇవాళ కొన్నది రేపు కొన్నదానితో కలవదు. పైగా కొన్ని స్టీళ్లు అయస్కాంతానికి అంటుకుంటాయి. కొనేముందు ఆ ఫెర్రైట్ రింగును జాలీకి తగిలించి చూడండి. లాగితే అక్కడే వదిలేయండి.

త్రాసు, భూతద్దం కురుపాం మార్కెట్టులో నగల పనివాళ్ల సామాను అమ్మే చోట అడగండి. 200 గ్రాముల దాకా తూచే, 0.01 గ్రాము చూపించే జేబు త్రాసు చాలు. వంటింటి త్రాసు ఒక గ్రాము దాటితేనే కదులుతుంది, మన లెక్క చాలాసార్లు ఆ గ్రాము లోపలే ఉంటుంది. జేబు త్రాసుతో ఒక చిక్కుంది: ఫ్యాను గాలికి, ఏసీ గాలికి అంకె ఊగుతుంది. తూచే ప్రతిసారీ పైన ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. రోజూ పొద్దున్న వెంట వచ్చిన తూకం బిళ్లతో సరిచూడండి. అయస్కాంతాన్ని త్రాసు దగ్గరికి తేవద్దు. పది రెట్లు చూపే నగల భూతద్దం కింద పొలుసు బల్లపరుపుగా, నీలిబూడిద రంగులో, విరిగిన అంచులతో కనబడుతుంది. మాగ్నటైట్ రేణువు గుండ్రంగా నున్నగానో, ఎనిమిది ముఖాల స్ఫటికంగానో ఉంటుంది. ఒక గంట చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

పూసల దగ్గర మాత్రం కంటిని నమ్మొద్దు. వెల్డింగు రవ్వలు, గ్రైండరు రవ్వలు చల్లారితే సరిగ్గా ఇలాంటి పూసలే అవుతాయి. బొగ్గు మండించే చోట ఎగిరే బూడిదలోనూ అయస్కాంతానికి అంటుకునే పూసలుంటాయి, అవి మరీ సన్నం. ఉక్కు కర్మాగారం, థర్మల్ కేంద్రం, ఖనిజం ఎక్కించే రేవు ఉన్న ఊరిలో పైమట్టి శుభ్రంగా ఉంటుందనుకోవడం అమాయకత్వం. గుంట పైపొర నమూనా విడిగా తీసి లెక్కలోంచి పక్కన పెట్టాలి. నమూనాలను గాజువాక ఆటోనగర్ లాంటి చోట షెడ్డు దొరికింది కదాని అక్కడ ఆరబెడితే వేల ఏళ్ల నాటి నేల మీద నిన్నటి గేటు వెల్డింగు పూసలు తేలతాయి. కిటికీలు మూసిన గది, మూతపెట్టిన ప్లాస్టిక్ ట్రేలు చాలు.

ఇక తాపీ. బయటిదేశపు తవ్వకాల్లో పేరున్నవి రెండు: బ్రిటన్‌లో నాలుగంగుళాల డబ్ల్యూహెచ్‌ఎస్, అమెరికాలో మార్షల్‌టౌన్. రెండింటికీ పలక, మెడ ఒకే ముక్కలో సాగగొట్టి తయారుచేస్తారు. మెడ దగ్గర అతుకు లేకపోవడమే వాటి గొప్పదనం. పూర్ణా మార్కెట్టు హార్డ్‌వేరు కొట్లలో దొరికే తాపీలు సిమెంటు పూతకు చేసినవి, వెడల్పు పలక, మెడ దగ్గర వెల్డింగు లేదా రివిటు. గట్టి ఎర్రమట్టిని లాగి గీకితే పలక వంగుతుంది, నాలుగో రోజుకు మెడ ఊడుతుంది. వాటిలోనే ఇటుకల సందులు పూయడానికి వాడే చిన్న తాపీ కాస్త నయం. కొనేటప్పుడు మొన నేలకు ఆనించి బలంగా నొక్కండి. వంగి తిరిగి నిటారుగా వస్తే సరే, వంగినది వంగినట్టే ఉంటే వద్దు. అన్నిటికన్నా చవకైన మంచి మార్గం లారీ కమాను పట్టీ ముక్కతో కమ్మరి చేత చేయించుకోవడం. పది సెంటీమీటర్ల పొడవు, మొన వైపు సన్నగిల్లే ఆకు ఆకారం, మెడ కూడా అదే పట్టీలోంచి లాగినది. పట్టీ నుంచి పలక మందం రెండు మిల్లీమీటర్లకు దిగాలి. నీళ్లలో ముంచి గట్టిపరిచి వదిలేస్తే గాజులా విరుగుతుంది, తర్వాత పెళుసుదనం తగ్గేలా కొంచెం వేడి చేయాలని ముందే చెప్పండి. తెలిసిన కమ్మరికి ఇది చెప్పక్కర్లేదు, తొందరలో ఉన్నవాడికి చెప్పాలి.

ఏ తాపీ అయినా ఆకురాయితో సానపట్టాల్సిందే. సానపట్టే చోటు గుంట గట్టు కాదు. ఆకురాయి రజను అయస్కాంతానికి పొలుసు కంటే హుషారుగా లేస్తుంది. వంద అడుగుల అవతల, గాలికి దిగువన కూర్చుని సానబట్టి, తాపీని తడిగుడ్డతో తుడిచి గుంటలోకి దిగాలి. ఈ ఒక్క నియమం ఎక్కువమంది పాటించరు.

ఇనుప తట్టలకు సున్నా మార్కులు. అడుగు తుప్పు పెచ్చులుగా ఊడి మట్టిలో పడుతుంది, అది తుప్పు పట్టిన పొలుసును అచ్చంగా పోలి ఉంటుంది. నేలపొర మట్టికి ప్లాస్టిక్ తట్టలు, బకెట్లు. చిట్టెం కుప్ప మట్టికి, పైమట్టికి ఇనుప తట్ట వాడినా నష్టం లేదు. గునపం, పార పైమట్టి వరకే. బ్రష్షు కొనండి గానీ పొలుసున్న నేల మీద ఊడ్చొద్దు. ఊడిస్తే పొలుసు గడి దాటి పక్క గడిలోకి పోతుంది. తాపీతో గీకి, చేతిచాటతో ఎత్తుకోవడమే. కొబ్బరి ఈనెల చీపురు చిట్టెం కుప్ప పైభాగానికి తప్ప ఎక్కడా వద్దు.

ఐదు లీటర్ల చేతి స్ప్రేయరు, మొక్కలకు మందు కొట్టేది, ఈ జాబితాలో చవకైన రత్నం. విశాఖ మట్టిలో కొలిమి గుర్తించడానికి ఒక ఇబ్బంది ఉంది. పాఠ్యపుస్తకాల్లో 'కాలిన నేల ఎర్రబడుతుంది' అని రాస్తారు. ఇక్కడ నేల పుట్టుకతోనే ఎరుపు. కాలిన ఎరుపు, సహజ ఎరుపు ఎండిన మట్టిలో ఒకేలా ఉంటాయి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుగులో, పైన టార్పాలిన్ నీడ పట్టి, సన్నటి తుంపర కొట్టి రెండు నిమిషాలు ఆగితే తేడా లేస్తుంది. కాలిన మట్టి ఇటుకలా గట్టిపడి ఉంటుంది, దాని లోపలివైపు గాలి అందక బూడిదరంగు, నలుపు పట్టీ కనబడుతుంది. వెతకవలసింది ఎరుపును కాదు, ఆ నల్లపట్టీని. నాజిల్ నుంచి ధారలా వస్తే నేల కొట్టుకుపోతుంది, మంచుపొగలా వచ్చేలా తిప్పుకోవాలి. బోరునీరు ఉప్పగా ఉంటే గుంటలో వాడొద్దు, ఉప్పు ఇనుప వస్తువులకు విషం.

టార్పాలిన్ పలుచని నీలం రకం ఒక గాలికే చిరుగుతుంది, కనీసం 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు తూగేది) కొనండి. అయినా అక్టోబరు, నవంబరుల్లో ఇక్కడ గుంట తెరిచి ఉంచే సాహసం చేయొద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇక్కడే తీరం దాటింది, టార్పాలిన్లు కాదు టవర్లే పడిపోయాయి. జనవరి నుంచి మార్చి దాకా పని చేసుకోవాలి.

అద్దె సేవల సంగతి. భవన నిర్మాణం జోరుగా సాగే ఊరు కాబట్టి ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే పరికరం), స్టాఫు (దానితో చదివే కొలకర్ర) రోజు అద్దెకు సులువుగా దొరుకుతాయి. అద్దెకు వచ్చే పరికరం ఎన్ని లారీల్లో ఎగిరెగిరి వచ్చిందో తెలియదు, అందుకే తీసుకున్న రోజే రెండు మేకుల పరీక్ష చేయాలి. యాభై మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో పరికరం పెట్టి ఎత్తు తేడా చదవండి. తర్వాత ఒక మేకుకు రెండు మీటర్ల దగ్గరలో పెట్టి మళ్లీ చదవండి. రెండు తేడాలూ మూడు మిల్లీమీటర్లలోపు కలవకపోతే తిరిగి ఇచ్చేయండి. మన నల్లపొర మందమే రెండు సెంటీమీటర్లు, సెంటీమీటరు తప్పు చూపే లెవెల్‌తో పొరలు తారుమారవుతాయి. దూరం, కోణం రెండూ కొలిచే టోటల్ స్టేషన్ను ఆపరేటరుతో సహా అద్దెకిచ్చేవాళ్లున్నారు, ఇంత చిన్న ఆవరణకు అది అవసరం లేదు, కొండవాలంతా పటం గీయాలంటే తీసుకోండి. తీసుకుంటే యూటీఎం (ప్రపంచమంతా వాడే పటం గళ్ల పద్ధతి) 44 ఉత్తర మండలంలో నిర్దేశాంకాలు ఇవ్వమని ముందే రాసివ్వండి. లేదంటే రోడ్డు కాంట్రాక్టు అలవాటులో వెయ్యి, వెయ్యి అని సొంత మూలబిందువు పెట్టుకుని ఇచ్చేస్తారు. దిక్సూచిని చిట్టెం కుప్ప దగ్గర నమ్మొద్దు, ముల్లు కుప్ప వైపు లాగుతుంది. ఉత్తరం గీత కుప్పకు ఇరవై మీటర్ల అవతల నుంచి తెచ్చుకోవాలి.

గ్రేడియోమీటరు (తవ్వకుండానే నేలలోని అయస్కాంత తేడాలు కొలిచే పరికరం) సర్వే చేయించగలిగితే ఆ డబ్బు వృథా కాదు. చివరిసారి కాగి చల్లారినప్పుడు కొలిమి గోడలో భూమి అయస్కాంత దిశ ముద్రపడిపోతుంది, అందుకే కొలిమి పటంలో బలంగా కనిపిస్తుంది. అయితే నివేదిక చదివేటప్పుడు ఐరోపా బొమ్మలు మనసులో పెట్టుకోవద్దు. అక్కడ భూమి అయస్కాంత రేఖలు నేలలోకి దాదాపు నిట్టనిలువుగా దిగుతాయి కాబట్టి కొలిమి పైన ఒకే పెద్ద ధన శిఖరం, ఉత్తరాన చిన్న రుణ నీడ వస్తాయి. విశాఖ దగ్గర ఆ రేఖలు ఏటవాలుగా, నేలకు బాగా దగ్గరగా ఉంటాయి. ఇక్కడ దక్షిణాన ధనం, ఉత్తరాన రుణం, రెండూ ఇంచుమించు పోటీగా వస్తాయి. శిఖరం మీద మేకు కొట్టి తవ్వితే కొలిమి పక్కన ఖాళీ మట్టి వస్తుంది. రెండింటి నడుమ తవ్వాలి. చార్నొకైటు బండలున్న చోట వాటి గుర్తులు కూడా కలుస్తాయి, సర్వే ముందు కనబడే బండలన్నీ పటంలో వేసి ఇవ్వడం మన పని. సర్వే రోజు పొలం కంచె ముళ్లతీగ, జేబులో తాళాలు, బూటు అడుగు మేకులు అన్నీ దూరంగా ఉండాలి.

చిట్టెం తూకానికి చేపల బజారులో వాడే వేలాడే స్ప్రింగు కాటా చాలు, 50 కిలోలది. మొత్తం చిట్టెం తూచి, రకాలవారీగా విడదీయాలి. మైనంలా జారి తాడులా ముడతలు పడి, బరువుగా ఉన్నది కొలిమి నుంచి కారిన చిట్టెం, అంటే ఖనిజం కరిగించిన చోటు. గిన్నె అడుగులా ఒకవైపు ఉబ్బి ఇంకోవైపు బల్లపరుపుగా ఉన్నది కమ్మరి కొలిమి అడుగున గడ్డకట్టినది, దాన్ని పగలకొట్టకుండా పొడవు, వెడల్పు, మందం, బరువు రాసుకోవాలి. తేలిగ్గా గాజులా మెరిసేది బూడిద, మట్టి కలిసి కరిగినది, దాన్ని ఇనుము లెక్కలో వేయొద్దు. తిత్తి గొట్టపు మట్టి ముక్కలు దొరికితే లోపలి కన్నం వ్యాసం కొలవాలి. బియ్యం బస్తాలు చిట్టేనికి చాలు, కుట్టే దారం గట్టిదైతే.

ఇనుప వస్తువులు దొరికితే అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది. సముద్రపు గాలి ఉన్న ఊరిలో మట్టిలోంచి తీసిన ఇనుము లోపల క్లోరైడు ఉంటుంది. గాలి తేమ తగిలితే నారింజరంగు చుక్కలు చెమర్చి, పెచ్చులూడి, కొన్ని నెలల్లో మేకు పొడవుతుంది. తేమ 15 శాతం దాటనివ్వకూడదు. అందుకు గాలి చొరబడని పాలిప్రొపిలీన్ డబ్బా, లోపల సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు), ఒక తేమ సూచిక కార్డు కావాలి. పూర్ణా మార్కెట్టులో వంటసామాను కొట్లలో దొరికే, మూత చుట్టూ రబ్బరు, నాలుగువైపులా కొక్కేలున్న డబ్బా బాగా పనిచేస్తుంది. కొనేముందు నీళ్లు పోసి బోర్లించండి, ఒక్క బొట్టు కారినా వద్దు. పీవీసీ డబ్బాలు, పీవీసీ కవర్లు వాడొద్దు, అవి కాలక్రమేణా ఆమ్లం వదులుతాయి. సిలికా జెల్ లోపల పెట్టిన ఇనుముకు సమానమైన బరువుండాలి, చెప్పుల డబ్బాలో వచ్చే పొట్లాలు రెండు పడేస్తే సరిపోదు. నారింజరంగులోంచి ఆకుపచ్చకు మారే రకం కొనండి. నీలంలోంచి గులాబీకి మారేదానిలో కోబాల్టు ఉంటుంది, చేతికి మంచిది కాదు. రంగు మారాక 110 డిగ్రీల ఓవెన్‌లో మూడు నాలుగు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. విశాఖ ఉక్కలో డబ్బా తెరిచి ఫొటోలు తీస్తూ కూర్చుంటే ఆ సాయంత్రానికే రంగు మారుతుంది, కాబట్టి చూడాల్సినవన్నీ ఒకేసారి చూసి మూసేయాలి. వస్తువులను కడగొద్దు, దూదిలో చుట్టొద్దు. దూది పోగులు తుప్పులో అతుక్కుపోతాయి. చిల్లులు పొడిచిన జిప్ కవర్లో పెట్టి, కింద తెల్ల పాలిథీన్ నురగ పలక పరిస్తే చాలు.

కాలం తేల్చే కార్బన్ పరీక్షకు తీసే బొగ్గును అల్యూమినియం రేకులో చుట్టాలి, కాగితంలో కాదు. లావు దుంగ బొగ్గు కంటే సన్నపుల్ల బొగ్గు తీయండి. దుంగ నడిబొడ్డు కొట్టేనాటికే వందేళ్ల పాతదై ఉండొచ్చు, కాలం అంత వెనక్కి జరుగుతుంది.

చివరిది పేరుచీటీ. బాల్‌పెన్ను రాత ఈ ఉక్కపోతకు నెలలో అలుక్కుపోతుంది, మార్కరు రాత ఎండకు వెలిసిపోతుంది. దళసరి కాగితం మీద పెన్సిలుతో రాసి, చిన్న కవర్లో విడిగా వేసి, నమూనా లోపల ఒకటి, బయట ఒకటి. లోపలిది పిన్నుతో గుచ్చొద్దు, ఆ పిన్ను కూడా ఇనుమే.